టూర్ కోసం కాంపాక్ట్ కెమెరా కొంటున్నారా? మెగాపిక్సెల్ నంబర్ చూసి డబ్బులు పెట్టొద్దు.. ముందు ఈ లెక్కలు తెలుసుకోండి

సెలవులు దగ్గర పడుతున్నాయంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఇళ్లలో టూర్ ప్లాన్లు మొదలవుతాయి. సాగర్ వెళ్దామా, మట్టపల్లి వెళ్దామా, లేదంటే ఈసారి కాస్త దూరంగా అరకో ఊటీనో చూసొద్దామా అనే చర్చ నడుస్తుండగానే ఇంకో మాట వస్తుంది. 'ఈసారైనా మంచి కెమెరా ఒకటి కొందాం' అని. డీఎస్ఎల్ఆర్ అంటే బరువు, మెడలో వేసుకుని తిరగలేం. ఫోన్ అంటే అందరి దగ్గరా ఉన్నదే. అందుకే జేబులో పట్టే కాంపాక్ట్ కెమెరా వైపు చాలామంది చూస్తున్నారు.

అయితే ఇక్కడే అసలు చిక్కుంది. కాంపాక్ట్ కెమెరా పేరుతో ఆన్‌లైన్‌లో ఐదు వేలకు దొరికే వస్తువూ ఉంది, లక్షన్నర దాటే వస్తువూ ఉంది. బయటి నుంచి చూస్తే రెండూ కెమెరాల్లాగే ఉంటాయి. తప్పుగా ఎంచుకుంటే డబ్బులు పోవడమే కాదు, ఫోన్‌తో తీసిన ఫోటో కంటే కెమెరాతో తీసిన ఫోటోనే నాసిగా వస్తుంది. టూర్ అయిపోయాక మళ్లీ తీసుకునే అవకాశం కూడా ఉండదు. మరి ఏ కెమెరా ఎవరికి పనికొస్తుంది? షాపులో ఏం అడగాలి? ఎవరు అసలు కొనకూడదు? వివరంగా చూద్దాం.

ఫోన్ ఉండగా కెమెరా ఎందుకు?

ఒకప్పుడు ఇంటికో డిజిటల్ కెమెరా ఉండేది. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, తిరుపతి ప్రయాణాలు అన్నీ అందులోనే. 2010లో ప్రపంచవ్యాప్తంగా జపాన్ కంపెనీల కెమెరాలు 12 కోట్లకు పైగా షాపులకు వెళ్లాయి. అందులో ఎక్కువ భాగం ఈ చిన్న కాంపాక్ట్‌లే. స్మార్ట్‌ఫోన్ కెమెరాలు బాగుపడ్డాక ఆ మార్కెట్ కుప్పకూలింది. 2023 నాటికి అన్ని రకాల కెమెరాలు కలిపినా 80 లక్షలు కూడా దాటలేదు.

ఇప్పుడు మళ్లీ సీన్ మారుతోంది. ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్‌లలో 'డిజీక్యామ్' ఫోటోల ట్రెండ్ మొదలయ్యాక కుర్రాళ్లు పాత కాంపాక్ట్‌లను వెతికి మరీ పట్టుకుంటున్నారు. 2019లో వచ్చిన కెనాన్ పవర్‌షాట్ జీ7 ఎక్స్ మార్క్ 3 మోడల్‌కు ఈ ట్రెండ్ వల్లే డిమాండ్ పెరిగి చాలా దేశాల్లో స్టాక్ దొరకని పరిస్థితి వచ్చింది.

కానీ ట్రెండ్ చూసి కొనడం వేరు, అవసరం చూసి కొనడం వేరు. పట్టపగలు, వెలుతురు బాగా ఉన్నప్పుడు, మనిషి పది అడుగుల్లోపు నిలబడితే ఈ రోజుల్లో పాతిక వేల ఫోన్ కూడా చక్కటి ఫోటో ఇస్తుంది. ఆ ఫోటో కోసం విడిగా కెమెరా అక్కర్లేదు. ఫోన్ చేతులెత్తేసే చోట్లు ప్రధానంగా మూడు. దూరంగా ఉన్నది దగ్గరగా తీయాలన్నప్పుడు, చీకట్లో కదిలే మనుషుల్ని తీయాలన్నప్పుడు, నీళ్లలో తడుస్తూ తీయాలన్నప్పుడు. మీకు కావాల్సింది ఈ మూడింటిలో ఏది అనేది తేలితే సగం పని అయిపోయినట్లే. ఎందుకంటే ఈ మూడూ ఒకే చిన్న కెమెరాలో దొరకవు.

అసలు కథంతా సెన్సర్‌దే

కెమెరాలో ఫోటో పడేది సెన్సర్ మీద. పాత రోజుల్లో రీలు చేసిన పని ఇప్పుడు ఇది చేస్తుంది. సెన్సర్ ఎంత పెద్దదైతే అంత ఎక్కువ వెలుతురు పడుతుంది. వెలుతురు ఎక్కువ పడితే చీకట్లో కూడా ఫోటో శుభ్రంగా వస్తుంది. వాన పడుతున్నప్పుడు చెంబు పెడితే ఎన్ని నీళ్లు, గంగాళం పెడితే ఎన్ని నీళ్లు? అదే లెక్క.

సైజులు ఇలా ఉంటాయి.

- మామూలు కాంపాక్ట్, ఎక్కువ జూమ్ ఉన్న కెమెరాల్లో ఉండేది 1/2.3 అంగుళాల సెన్సర్. వైశాల్యం సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు.
- పాతిక వేల రేంజ్‌లో చాలా ఫోన్ల మెయిన్ కెమెరాలో ఉండే 1/1.56 అంగుళాల సెన్సర్ వైశాల్యం దాదాపు 50 చదరపు మిల్లీమీటర్లు.
- కాస్త ఖరీదైన కాంపాక్ట్‌లలో ఉండే '1 అంగుళం' సెన్సర్ వైశాల్యం సుమారు 116 చదరపు మిల్లీమీటర్లు.
- రికో జీఆర్, ఫుజీఫిల్మ్ ఎక్స్100 లాంటి వాటిలో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ వైశాల్యం దాదాపు 370 చదరపు మిల్లీమీటర్లు.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే మొదటి రెండు లైన్లు. తక్కువ ధర కాంపాక్ట్‌లో ఉండే సెన్సర్, చేతిలో ఉన్న ఫోన్ సెన్సర్ కంటే చిన్నది. పైగా ఫోన్ ఒక్క ఫోటో నొక్కితే లోపల వరుసగా నాలుగైదు ఫోటోలు తీసి, వాటిని కలిపి ఒకటిగా చేస్తుంది. చవక కాంపాక్ట్‌లు చాలావరకు ఆ పని అంత బాగా చేయవు. అందుకే చిన్న సెన్సర్ కాంపాక్ట్ కొని ఫోన్ కంటే క్వాలిటీ ఫోటోలు ఆశిస్తే నిరాశే. వాటిని కొనాల్సింది జూమ్ కోసం, లేదా గట్టి ఫ్లాష్ కోసం మాత్రమే.

ఇంకో ముచ్చట. '1 అంగుళం' సెన్సర్ అని రాసినా అది నిజంగా అంగుళం ఉండదు. దాని కొలత 13.2 × 8.8 మిల్లీమీటర్లే. పాతకాలం టీవీ కెమెరాల్లో గాజు ట్యూబులు వాడేవారు. ఆ ట్యూబ్ బయటి కొలతతో పెట్టిన పేరు ఇప్పటికీ అలాగే కొనసాగుతోంది. కాబట్టి బాక్స్ మీద అంగుళాల లెక్క కంటే మిల్లీమీటర్ల లెక్క చూడటం మేలు.

మరి మెగాపిక్సెల్స్ ఎన్ని కావాలి?

షాపులో మొదట చెప్పేది ఈ నంబరే. '20 మెగాపిక్సెల్ కంటే 48 మెగాపిక్సెల్ మంచిది కదా' అనుకుంటారు. లెక్క చూస్తే సంగతి అర్థమవుతుంది.

ఫోటో స్టూడియోలో వేయించే 4 × 6 సైజు ప్రింట్‌కు అంగుళానికి 300 చుక్కల చొప్పున కావాల్సింది 1,200 × 1,800 పిక్సెళ్లు. అంటే 2.2 మెగాపిక్సెల్ సరిపోతుంది. పెళ్లి ఆల్బమ్‌లో పేజీ నిండా పడే 12 × 18 సైజుకు అదే నాణ్యతతో 19.4 మెగాపిక్సెల్ కావాలి. వాట్సాప్ స్టేటస్‌కు, ఫోన్ తెరకు అయితే ఇంకా తక్కువ చాలు. ఫ్లెక్సీ పెద్దదే అయినా దూరం నుంచి చూస్తాం కాబట్టి దానికీ అంత అక్కర్లేదు. మొత్తమ్మీద 20 మెగాపిక్సెల్ కెమెరా ఇంటి అవసరాలన్నింటికీ సరిపోతుంది. ఆ పైన నంబర్ పెరిగినంత మాత్రాన ఫోటో బాగుపడదు. సెన్సర్ చిన్నదై పిక్సెళ్లు ఎక్కువైతే ఒక్కో పిక్సెల్‌కు అందే వెలుతురు తగ్గిపోతుంది.

లెన్స్ మీద ఉండే నంబర్లు ఏం చెబుతాయి?

కెమెరా ముందు లెన్స్ చుట్టూ సన్నటి అక్షరాలతో రెండు రకాల నంబర్లు ఉంటాయి. ఒకటి 'ఎఫ్' నంబర్. ఇది ఎంత తక్కువ ఉంటే లెన్స్ అంత ఎక్కువ వెలుతురు లోపలికి పంపుతుంది. ఎఫ్ 1.8 లెన్స్, ఎఫ్ 3.3 లెన్స్ కంటే మూడు రెట్లకు పైగా వెలుతురు ఇస్తుంది. 1 అంగుళం సెన్సర్, ఎఫ్ 1.8 లెన్స్ రెండూ కలిసిన కెమెరా.. 1/2.3 అంగుళాల సెన్సర్, ఎఫ్ 3.3 లెన్స్ ఉన్న కెమెరా కంటే మొత్తం మీద దాదాపు 14 రెట్లు ఎక్కువ వెలుతురు పడుతుంది. ధరలో తేడాకు కారణం ఇదే.

రెండోది జూమ్. 24-720 అని చెబితే 720ని 24తో భాగించాలి, 30 రెట్ల జూమ్ అన్నమాట. సాగర్ డ్యామ్‌నే తీసుకుందాం. కిలోమీటర్ దూరం నుంచి 24 మిల్లీమీటర్ల దగ్గర ఫోటో తీస్తే సుమారు 1,500 మీటర్ల వెడల్పు ఫ్రేమ్‌లో పడుతుంది. 720 దగ్గర తీస్తే 50 మీటర్లే పడుతుంది. అంటే మొత్తం 26 క్రస్ట్ గేట్లలో రెండు మూడు గేట్లు, వాటి నుంచి దూకే నీళ్లు ఫోటో నిండా వస్తాయి. ఇది ఆప్టికల్ జూమ్, అంటే లెన్సే చేసే పని. డిజిటల్ జూమ్ అంటే ఉన్న ఫోటోనే కత్తిరించి సాగదీయడం. ఆ పని ఇంటికొచ్చాక ఫోన్‌లో కూడా చేసుకోవచ్చు. బాక్స్ మీద '16 ఎక్స్ డిజిటల్ జూమ్' అని మాత్రమే ఉండి ఆప్టికల్ అనే మాట లేకపోతే ఆ కెమెరాకు అసలు జూమ్ లేనట్టే లెక్క.

మన చుట్టుపక్కల ఎక్కడ ఏది పనికొస్తుంది?

సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి పెద్దగట్టు లింగమంతుల జాతర జరుగుతుంది. దేవరపెట్టె రాక, గంపలతో ప్రదక్షిణలు, 'ఓ లింగా' కేకలు.. అసలు సందడంతా రాత్రి వేళే. జనం కదులుతూనే ఉంటారు, వెలుతురు తక్కువ. ఇలాంటి చోట పెద్ద సెన్సర్, తక్కువ ఎఫ్ నంబర్ ఉన్న కెమెరాదే రాజ్యం. 30 రెట్ల జూమ్ కెమెరా ఇక్కడ తెల్లముఖం వేస్తుంది. జూమ్ పెంచేకొద్దీ దాని లెన్స్‌లో వెలుతురు ఇంకా తగ్గిపోతుంది కాబట్టి ఫోటోలన్నీ అలికినట్టు వస్తాయి.

పిల్లలమర్రి గుళ్లది ఇంకో రకం సమస్య. కాకతీయుల సామంతులైన రేచర్ల వారి కాలం నాటి ఈ ఆలయాల్లో నునుపు తేలిన నల్లరాతి స్తంభాలు, వాటి మీద సన్నటి చెక్కడాలు ఉంటాయి. లోపల మండపం చీకటి, బయట ఎండ భగ్గుమంటుంది. ఫ్లాష్ వేస్తే నల్లరాయి మీద తెల్లటి మచ్చ పడి చెక్కడం కనిపించదు. ఫ్లాష్ ఆపి, కెమెరాను మెట్టు మీదో గోడ మీదో ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టి తీస్తే చిన్న కెమెరాతో కూడా బాగా వస్తుంది. రాయి కదలదు కాబట్టి ఇక్కడ ఖరీదైన కెమెరా కంటే ఓపికే ముఖ్యం.

నాగార్జునసాగర్, మిర్యాలగూడ దగ్గర వాడపల్లిలో కృష్ణా-మూసీ సంగమం, మట్టపల్లి కృష్ణా తీరం.. ఇవన్నీ విశాలమైన చోట్లు. పగలు వెలుతురు పుష్కలం. జూమ్ కెమెరాకు ఇంతకంటే మంచి చోటు లేదు. నది మధ్యలో పడవ, అవతలి ఒడ్డు, గేట్ల మీద నుంచి లేచే తుంపర.. ఇవి ఫోన్‌లో చీమంత కనిపిస్తాయి. నాగార్జునకొండకు లాంచీలో వెళ్లేటప్పుడు, గేట్లు ఎత్తినప్పుడు దిగువన నిలబడినప్పుడు తుంపర లెన్స్ మీద పడుతుంది. జేబులో చిన్న మెత్తటి గుడ్డ ఉంచుకోండి. డ్యామ్‌లు, బ్రిడ్జిల దగ్గర భద్రతా సిబ్బంది ఫోటోలు వద్దంటే వద్దు. గర్భగుడిలో కెమెరా బయటకు తీయకపోవడమే మర్యాద.

ఇక బతుకమ్మ. సద్దుల బతుకమ్మ రోజు చెరువు గట్టున సాయంత్రం ఆరు దాటాకే ఆట ఊపందుకుంటుంది. ఆటోమేటిక్ మోడ్‌లో వదిలేస్తే కెమెరా ఫ్లాష్ వేసేస్తుంది. ముందున్న వాళ్ల ముఖాలు తెల్లగా, వెనకంతా నల్లగా, తంగేడు పువ్వు రంగు వెలవెలబోయి వస్తుంది. ఫ్లాష్ ఆఫ్ చేసి, ఐఎస్ఓ గరిష్ఠంగా 3,200 దాకా పోయేలా పెట్టి, అక్కడున్న లైట్ల వెలుగులోనే తీయాలి.

ఎవరికి ఏ కెమెరా?

అన్నీ ఒక్కదాంట్లో ఉండవని ముందే అనుకున్నాం. అవసరాన్ని బట్టి ఇలా విడదీసుకోవచ్చు. ఇక్కడ చెప్పినవన్నీ మన దేశంలో అన్ని వేళలా స్టాక్ ఉండకపోవచ్చు, ధరలు కూడా పండగ ఆఫర్లను బట్టి మారుతుంటాయి.

ఇంటిల్లిపాదికీ, రాత్రీ పగలూ ఒకటే కెమెరా కావాలంటే: 1 అంగుళం సెన్సర్ రకం. కెనాన్ జీ7 ఎక్స్ మార్క్ 3లో 24-100 జూమ్, ఎఫ్ 1.8-2.8 లెన్స్ ఉన్నాయి, బరువు 304 గ్రాములు. సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7లో జూమ్ 200 దాకా పోతుంది, కానీ లెన్స్ ఎఫ్ 2.8 దగ్గర మొదలవుతుంది కాబట్టి చీకట్లో కాస్త వెనకడుగు. వ్లాగ్‌లు, రీల్స్ ఎక్కువ చేసేవాళ్లకు సోనీ జడ్‌వీ-1 ఉంది. తెర పక్కకు తిరుగుతుంది, మైక్ బాగుంటుంది. కానీ కెమెరాలో ఫ్లాష్ ఉండదు. ఇది చాలామంది కొన్నాకే గమనిస్తారు.

దూరం ఫోటోలు, పక్షులు, డ్యామ్‌లు, స్కూల్ స్టేజీ మీద పిల్లల డ్యాన్స్ కావాలంటే: ఎక్కువ జూమ్ రకం. కెనాన్ ఎస్‌ఎక్స్740 హెచ్‌ఎస్‌లో 40 రెట్లు, పానసోనిక్ లూమిక్స్ టీజడ్99లో 30 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉంటుంది. పగటి వెలుతురులో వీటికి తిరుగులేదు. సాయంత్రం అయితే మళ్లీ ఫోన్ తీయాల్సిందే.

నీళ్లు, బీచ్, వాటర్ పార్క్ అంటే: వాటర్‌ప్రూఫ్ రకం. ఓఎం సిస్టమ్ టీజీ-7 లాంటివి 15 మీటర్ల లోతు నీటిలోనూ పనిచేస్తాయి, రెండు మీటర్ల ఎత్తు నుంచి పడినా తట్టుకుంటాయి. పిల్లల చేతికి ఇవ్వొచ్చు. సెన్సర్ మాత్రం చిన్నదే.

ఫోటోగ్రఫీ మీద ఇష్టం ఉన్నవాళ్లకు: రికో జీఆర్ 3, ఫుజీఫిల్మ్ ఎక్స్100 వీఐ. రెండింటిలోనూ జూమ్ ఉండదు. దగ్గరికి కావాలంటే మనమే నడవాలి. రికో 257 గ్రాములే, చొక్కా జేబులో పడుతుంది. ఫుజీ ధర లక్షన్నర పైమాటే. ఇంట్లో అందరూ వాడుకునే కెమెరాగా ఈ రెండూ సరిపడవు.

'48 మెగాపిక్సెల్, 4కే, ఐదు వేలే' అంటే?

ఆన్‌లైన్‌లో ఎక్కువగా కనిపించేవి ఇవే. పేరు ఎప్పుడూ విననిది, ఫోటోలో చూస్తే ముద్దుగా ఉంటుంది, పక్కన వేలల్లో రివ్యూలు. వీటిలో చాలా వాటిలో ఉండేది బొమ్మ కెమెరాల్లో వాడే చిన్న సెన్సర్. తక్కువ పిక్సెళ్లతో తీసిన ఫోటోను సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి 48 మెగాపిక్సెల్ అని చూపిస్తారు. చాలా వాటికి ఆప్టికల్ జూమ్ ఉండదు, ఫోకస్ కూడా కదలదు. 'ఫ్లాష్' అని చెప్పేది ఓ చిన్న ఎల్ఈడీ బల్బు.

గుర్తుపట్టడం తేలికే. సెన్సర్ సైజు ఎక్కడైనా రాశారా? లెన్స్ మీద మిల్లీమీటర్లు, ఎఫ్ నంబర్ ఉన్నాయా? వారంటీ ఎవరిస్తారు, సర్వీస్ సెంటర్ ఎక్కడ? ఈ మూడింటికీ సమాధానం లేకపోతే ఆ కెమెరా పిల్లలకు ఆటబొమ్మగా తప్ప దేనికీ పనికిరాదు. అయిదు వేలు పెట్టి అలాంటిది కొనేకంటే, ఆ డబ్బుతో ఫోన్‌కు ఒక చిన్న ట్రైపాడ్, ఒక పవర్‌బ్యాంక్ కొనుక్కుని, మిగిలిన దాంతో మంచి ఫోటోలు ప్రింట్ వేయించుకోవడం మేలు.

సెకండ్‌హ్యాండ్ తీసుకుంటే ఇవి చూడాలి

ట్రెండ్ పుణ్యమా అని పాత కాంపాక్ట్‌లకు గిరాకీ పెరిగింది. అయితే బీరువాలో పదేళ్లు పడి ఉన్న కెమెరా పైకి కొత్తగా కనిపించినా లోపల ఫంగస్ పట్టి ఉండొచ్చు. కొనే ముందు ఇలా చెక్ చేయండి.

- లెన్స్‌ను వెలుతురుకు అడ్డంగా పెట్టి చూడండి. సాలెగూడు లాంటి గీతలు కనిపిస్తే ఫంగస్. వదిలేయండి.
- పదిసార్లు ఆన్ చేసి ఆఫ్ చేయండి. లెన్స్ బయటకు వచ్చేటప్పుడు కరకర శబ్దం వచ్చినా, మధ్యలో ఆగినా వద్దు.
- లెన్స్ మూసి ఒక నల్ల ఫోటో, తెల్ల కాగితం మీద ఒక ఫోటో తీయండి. చుక్కలు, మచ్చలు అందులో బయటపడతాయి.
- బ్యాటరీ ఉబ్బి ఉందేమో చూడండి. ఆ మోడల్ బ్యాటరీ, చార్జర్ ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయో లేదో ముందే కనుక్కోండి.
- పాత మోడళ్లలో కొన్నింటికి మామూలు ఎస్‌డీ కార్డు పట్టదు. మరీ పాతవి అయితే 2 జీబీ దాటిన కార్డును చదవవు.

కొనేది ఎక్కడైనా బిల్లు మాత్రం తప్పనిసరి

మూడు ఊళ్లలోనూ ఫోటో స్టూడియోలు, ఎలక్ట్రానిక్స్ షాపులు ఉన్నా ఖరీదైన కాంపాక్ట్‌లను అక్కడ చేత్తో పట్టుకుని చూసే అవకాశం తక్కువ. అందుకే చాలామంది హైదరాబాద్ కోఠి దాకా వెళ్తారు. కోదాడ వాళ్లకైతే హైదరాబాద్ కంటే విజయవాడే దగ్గర. 65వ నంబర్ హైవే ఎక్కితే రెండు వైపులా బస్సులకు కొదవ లేదు. కాబట్టి ఒక్క షాపు ధర విని అక్కడే కొనేయాల్సిన అవసరం లేదు.

షాపులో రెండు ధరలు చెబితే జాగ్రత్త. 'బిల్లుతో ఇంత, బిల్లు లేకుండా ఇంత' అన్నారంటే అది చాలాసార్లు విదేశాల నుంచి దొడ్డిదారిన వచ్చిన సరుకు అయి ఉంటుంది. దానికి కంపెనీ ఇండియా వారంటీ వర్తించదు. డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ ఒకప్పుడు 28 శాతం ఉండేది, 2019 జనవరి నుంచి అది 18 శాతం. బిల్లు లేకుండా తగ్గించే మొత్తం కనిపిస్తుంది కానీ, లెన్స్ ఇరుక్కుపోతే సర్వీస్ ఖర్చు అంతకు మించిపోవచ్చు. బాక్స్ మీద దిగుమతి చేసుకున్న కంపెనీ పేరు, చిరునామా, ఎంఆర్‌పీ ఉన్న స్టిక్కర్ ఉండాలి. బాక్స్ మీద సీరియల్ నంబర్, కెమెరా అడుగున సీరియల్ నంబర్, బిల్లులో రాసిన నంబర్.. మూడూ ఒకటేనా అని అక్కడే చూసుకోండి.

చాలామందికి తెలియని విషయం ఇంకోటుంది. హైదరాబాద్‌లోనో ఆన్‌లైన్‌లోనో కొన్న వస్తువు మీద కేసు వేయాలంటే అక్కడికే వెళ్లాలని అనుకుంటారు. అవసరం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్లు తాము నివసించే చోటే ఫిర్యాదు చేయొచ్చు. ఉదాహరణకు మిర్యాలగూడ వాళ్లు నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేసుకోవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు కేసు ఫీజు కూడా లేదు. అంతకంటే ముందు 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. వీటన్నింటికీ మొదట అడిగేది బిల్లే.

బడ్జెట్‌లో వీటికీ కాస్త పక్కన పెట్టండి

కెమెరా ధరతో ఖర్చు అయిపోదు. కాంపాక్ట్ బ్యాటరీలు చిన్నవి. కంపెనీ లెక్క ప్రకారమే రికో జీఆర్ 3 ఒక్క చార్జింగ్‌తో సుమారు 200 ఫోటోలు, సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7 సుమారు 260 ఫోటోలు ఇస్తాయి. రోజంతా తిరిగేవాళ్లకు రెండో బ్యాటరీ ఉండాల్సిందే.

మెమరీ కార్డు విషయంలో కక్కుర్తి పడొద్దు. 64 జీబీ కార్డులో 20 మెగాపిక్సెల్ ఫోటోలు సుమారు 8 వేలు పడతాయి. 4కే వీడియో అయితే గంటన్నర లోపే నిండిపోతుంది. మరీ చవకగా వచ్చే నకిలీ కార్డులు సగం నిండాక ఫోటోలను మింగేస్తాయి. టూర్‌కు వెళ్లే ముందే కార్డును వీడియోతో పూర్తిగా నింపి, అన్నీ ప్లే అవుతున్నాయో లేదో చూసుకుంటే బయటపడుతుంది. ఒకే పెద్ద కార్డు కంటే రెండు చిన్న కార్డులు నయం. ఒకటి పోయినా సగం ఫోటోలు మిగులుతాయి.

మన దగ్గర ఎండ, దుమ్ము రెండూ కెమెరాకు శత్రువులే. ముందుకు వచ్చి వెనక్కి పోయే లెన్స్, జాతర దుమ్ములో ప్రతిసారీ కాస్త దుమ్మును లోపలికి లాక్కుంటుంది. వాడనప్పుడు ఆఫ్ చేసి జిప్ ఉన్న పౌచ్‌లో పెట్టండి. మే నెలలో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డ్ మీద కెమెరా వదిలేస్తే ముందు పాడయ్యేది బ్యాటరీ. వానాకాలంలో సిలికా జెల్ ప్యాకెట్లు వేసిన గాలి చొరబడని డబ్బాలో దాచితే ఫంగస్ భయం తగ్గుతుంది.

వీళ్లు మాత్రం కొనకపోవడమే మంచిది

ఫోటో తీసిన నిమిషంలో స్టేటస్ పెట్టాలనుకునేవాళ్లకు కెమెరా విసుగు తెప్పిస్తుంది. వైఫైతో ఫోన్‌కు పంపుకోవచ్చు కానీ ప్రతిసారీ కనెక్ట్ చేయాలి. ఏడాదికి ఒక్క టూర్ మాత్రమే వెళ్లేవాళ్లు, అదీ ఈఎంఐ మీద కొనాలనుకుంటే మరోసారి ఆలోచించుకోండి. ఎలాగూ ఫోన్ మార్చాల్సిన టైమ్ వచ్చిందనుకుంటే, ఆ రెండు బడ్జెట్‌లూ కలిపి మంచి కెమెరా ఉన్న ఫోన్ తీసుకోవడమే లాభం. శావోమీ 14 అల్ట్రా లాంటి ఖరీదైన ఫోన్లలో 1 అంగుళం సెన్సర్ కూడా వచ్చేసింది.

కొనాలా వద్దా అనేది తేల్చుకోవడానికి ఒక చిన్న పని చేయండి. పోయిన రెండు మూడు టూర్ల ఫోటోలు ఫోన్‌లో తెరిచి, సరిగ్గా రాని వాటిని విడిగా ఒక ఫోల్డర్‌లో వేయండి. అందులో ఎక్కువ భాగం దూరం ఫోటోలైతే జూమ్ కెమెరా, చీకటి ఫోటోలైతే 1 అంగుళం సెన్సర్ కెమెరా తీసుకోవాలి. చేయి కదిలి చెడిపోయినవే ఎక్కువుంటే కెమెరా మార్చినా ఫలితం ఉండదు. అసలు ఆ ఫోల్డర్‌లో పది ఫోటోలు కూడా పడలేదంటే మీ ఫోన్ చాలు.

ఒకవేళ కొంటే టూర్‌కు కనీసం రెండు వారాల ముందే కొనండి. రాత్రి వీధి లైట్ల కింద, పగలు ఎండలో, ఇంట్లో ట్యూబ్‌లైట్ వెలుగులో ఓ వంద ఫోటోలు తీసి చూడండి. ఏదైనా లోపం ఉంటే షాపు వాళ్లు మార్చి ఇచ్చే గడువు ఉండగానే బయటపడుతుంది. తిరిగొచ్చాక కార్డులోని ఫోటోలను రెండు చోట్ల కాపీ చేసి పెట్టుకోండి, బాగా వచ్చిన ఓ యాభై ఏరి దగ్గర్లోని స్టూడియోలో 4 × 6 సైజులో ప్రింట్ వేయించండి. ఫోన్ పోయినా, హార్డ్‌డిస్క్ పాడైనా ఆల్బమ్‌లో ఉన్న ఫోటో ఎక్కడికీ పోదు.